జి.పి.లో పి

రైలు ఆలస్యమని మైకులో మళ్ళీ చెప్పారు. ఎంత ఆలస్యమో పక్క లైనులో పోతున్న ఖనిజం గూడ్సు చప్పుడులో కలిసిపోయింది, కలిసిపోవడమే మంచిదనిపించింది పద్మకుమారికి, ఎంతసేపో తెలిస్తే ఆ సేపట్లో లేచి వెళ్ళి పలకరించాలా వద్దా అని తేల్చుకోవాలి, తెలియకపోతే ఇలా ఓవర్‌బ్రిడ్జి మెట్ల కింద బెంచీ మీద మెడ చెమట తుడుచుకుంటూ గూడ్సు పెట్టెల వంక చూస్తూ కూర్చోవచ్చు. వాన వెలిసింది కానీ ఉక్క పోలేదు. టాటానగర్ ప్లాట్‌ఫారం మీద ఎర్రదుమ్మంతా ముద్దై జనం చెప్పులకి అంటుకుని ఆ చివరినుంచి ఈ చివరిదాకా పాకింది. గూడ్సు అయిపోయి తల తిప్పగానే అదే ప్లాట్‌ఫారం మీద అవతలగా, మంచినీళ్ళ కుళాయిల దగ్గర, గౌరి మళ్ళీ కనబడింది. ఆవాలరంగు చీర. జుట్టుకి రంగు వేసుకుని ఉంటుందనుకుంది పద్మ, పెళ్ళి కదా, వేసుకోలేదు. పక్కన పొడుగాటి మనిషి, రెండు పెద్ద సూట్‌కేసులు, గోనెసంచిలో చుట్టినది మిక్సీ కాబోలు. గౌరి అతనికేదో చెబుతోంది చెయ్యి ఆడిస్తూ. చెప్పడం అయిపోయాక కూడా ఆ చెయ్యి కాసేపు ఆడుతూనే ఉంటుంది, ఇంత దూరం నుంచి పద్మ పోల్చింది ఆ చెయ్యినే, మొహాన్ని కాదు. మొహం మారింది. తనదీ మారి ఉంటుంది, ఎవరూ చెప్పలేదు గనక తెలియదు. బయల్దేరేటప్పుడు ఇంటి పక్క కిరాణా కొట్టువాడితో స్టేషన్లో పార్సిల్ పనుందని చెప్పింది, అతను అడగలేదు, తలెత్తి చూడనుకూడా లేదు, అయినా చెప్పింది. ఒంటరిగా ఉండేవాళ్ళకి ఇదొక అలవాటు, ఎక్కడికి పోతున్నామో ఎవరో ఒకరి చెవిన వేసి పోవడం.

ఒళ్ళో ఫోనుంది. అందులో తనుశ్రీ పంపిన ప్రశ్న ఉంది, పొద్దుటినుంచీ ఉంది. కలపాలా వద్దా, కలిపితే ఎలా. తనుశ్రీకి సాక్చీలో చిన్న ఆఫీసు, వెబ్‌సైట్లు తయారుచేస్తుంది, తాతల కాలంలో సోంపేట వైపు నుంచి వచ్చిన కుటుంబం, తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. గౌరి సైటూ ఆ పిల్లే చూస్తుంది, పద్మ సైటూ ఆ పిల్లే చూస్తుంది, ఇన్నేళ్ళలో ఒకరి ముందు ఇంకొకరి పేరెత్తింది లేదు, కిందటి వారమే మొదటిసారి ఎత్తింది. గౌరీ దీదీ గేజీలు పరీక్షించే ల్యాబ్ మూసేస్తున్నారు, పెళ్ళి చేసుకుని రూర్కెలా వెళ్ళిపోతున్నారు, ఆయన రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, బలరామ్‌గారని, భార్య పోయి చాలా కాలమైంది. కస్టమర్లనీ సైటునీ మీకివ్వమన్నారు దీదీ, ఎలా కలపాలో పద్మకి తెలుసు, అడుగు అన్నారు. పద్మ ఆ రోజు పెళ్ళి అన్న మాట దగ్గరే ఆగిపోయింది, మిగతాదంతా తనుశ్రీ రెండోసారి చెప్పాల్సి వచ్చింది. మూడు దారులున్నాయి దీదీ. అసలు కలపకుండా ఆ సైటుని గడువు తీరి చచ్చిపోనివ్వొచ్చు, అప్పుడు ఆ గుమ్మానికి వచ్చినవాడికి ఇక్కడెవరూ లేరు అనే పేజీ వస్తుంది. లేదా రెంటినీ రెండుగానే ఉంచి ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి పెట్టొచ్చు. లేదా ఒక పేరు కిందకి మొత్తం తెచ్చి, పాత అడ్రసుకి వచ్చినవాళ్ళని చెయ్యిపట్టి కొత్తదానికి తీసుకొచ్చినట్టు చెయ్యొచ్చు. మూడోదే మంచిది, కానీ మీవి రెండూ ఒకే విషయం మీద రాసిన పేజీలు బోలెడున్నాయి, గూగుల్‌కి ఏది చూపించాలో తెలియక రెండింటినీ కిందికి తోసేస్తుంది. "దోనో ఏక్ దూసరే కో కాట్ రహే హైఁ, దీదీ." రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి. ఒక్కో జంటలో ఒకటి ఉంచాలి, ఒకటి తీసెయ్యాలి, ఏది ఉంచాలో మీరు చెప్పాలి. గౌరీ దీదీ రైలెక్కేలోపల అయిపోవాలంటున్నారు, రైల్లో తలలో గేజీలుండకూడదట.

గేజీలు తలలో లేని గౌరి. ఐ.టి.ఐ.లో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ క్లాసులో అందరూ మగపిల్లలే, ఇద్దరే ఆడపిల్లలు, మొదటిరోజు ఒకే బెంచీ మీద కూర్చోబెడితే ఈ పక్కమ్మాయి తెలుగో కాదో తెలియక ఇద్దరూ మధ్యాహ్నం దాకా హిందీలోనే మాట్లాడుకున్నారు, డబ్బా తెరిచాక చింతపండు పులుసు వాసనకి గౌరి తలెత్తి "ఏటే, మీదే ఊరే?" అంది. ఊరంటే జంషెడ్‌పూర్‌లో భుయ్యాడీహే, వెనకాల శ్రీకాకుళం. ఇద్దరి నాన్నలూ కాంట్రాక్టు ఖలాసీలు, ఉక్కు ఫ్యాక్టరీ ఒకే గేటులోంచి లోపలికి పోయి ఒకే గేటులోంచి బయటికి వచ్చేవాళ్ళు, ఒకళ్ళనొకళ్ళు ఎరగరు. పద్మ నాన్న తవిటయ్య కూతురు పీడనం చూపించే గేజీలు బాగుచేస్తానంటే గడియారాలనుకున్నాడు, చాలా రోజులు అందరికీ మా అమ్మి వాచీ రిపేరు నేర్చుకుంటాంది అని చెప్పాడు. తరవాత ఇద్దరూ వేరే ల్యాబుల్లో చాకిరీ చేసి చేసి, భుయ్యాడీహ్‌లో నది ఒడ్డు పక్క సందులో ఒక గది తీసుకుని, బరువులు పేర్చి గేజీ నిజం చెబుతోందో లేదో చూసే ఇత్తడి యంత్రాన్ని రిక్షా మీద పెట్టుకుని, అది పడిపోకుండా చెరో పక్కా పట్టుకుని నడిచి తెచ్చారు. పేరేం పెట్టాలి అంటే గౌరిలో జి, పద్మలో పి, జి.పి. కాలిబ్రేషన్. ఫోన్లు వచ్చేవి, జి.పి. సాబ్ హైఁ క్యా అని. సాబ్ బయటికి వెళ్ళారు అని చెప్పేది గౌరి, ఎంతో గంభీరంగా, సాయంత్రం వస్తారు, నాకు చెప్పండి రాసుకుంటాను, అని చెప్పి ఫోను పెట్టేసి నేలమీద కూర్చుని నవ్వేది. ఆ సాబ్‌కి ఇద్దరూ కలిసి ఒక వయసు పెట్టారు, మీసం పెట్టారు, పాన్ అలవాటు పెట్టారు, కోపం వస్తే ఒరియాలో తిడతాడనుకున్నారు. అలాంటి మనిషి ఉన్నాడనే పద్మ ఒక్కోసారి మర్చిపోయి నమ్మేది.

ఆ గది దగ్గరే తెగింది. అమ్మకి జబ్బు చేసి ఊళ్ళో ఉంటే పద్మ వెళ్ళి దగ్గరుండి, అమ్మని పంపించేసి, కర్మకాండ ముగించుకుని ఇదే స్టేషన్లో దిగి, ఇంటికి కూడా పోకుండా తిన్నగా గదికి వెళ్ళింది. ఎందుకు తిన్నగా అక్కడికే వెళ్ళిందో ఇప్పటికీ తనకి తెలుసు, ఏడవడానికి. తలుపు మీద బోర్డు లేదు. లోపలినుంచి ఎవరో ఆవిడ బయటికి వచ్చి తీగ మీద పిల్లల బట్టలు ఆరేస్తూ, కౌన్ చాహియే, అంది. గౌరి ల్యాబ్‌ని ఆదిత్యపూర్ షెడ్డుకి మార్చేసింది. ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు, షెడ్డు దొరికింది, నువ్వు అమ్మ దగ్గరున్నావు, నీ నెత్తిన ఇది కూడా ఎందుకని, అంది. న్యాయమే. పద్మ అప్పుడు ఆ న్యాయం వినలేదు, నన్నూ సామానుతో పాటు మార్చేద్దామనుకున్నావేటి అంది, గౌరి కూడా అలిసిపోయి ఉంది, నిన్నడిగి చెయ్యాలంటే ఏదీ అవదే అంది. అంతే, ఇంకొన్ని మాటలు, అవి మరీ పెద్దవేం కావు, కానీ రెండువైపులా అమ్మలేని వాళ్ళు, మధ్యన పడి సర్దిచెప్పే పెద్ద ముండాకొడుకు ఒక్కడూ లేకపోయాడు. పీడనం గౌరికి, ఉష్ణోగ్రత పద్మకి, అలా పంచుకున్నారు పనిని. గౌరి ఆ పేరునీ సైటునీ ఉంచుకుంది. పద్మ సోనారిలో ఇంటి కిందే ల్యాబ్ పెట్టి పి.కె. ఇన్‌స్ట్రుమెంట్స్ అంది. ఆ తరవాత గౌరి థర్మామీటర్లూ మొదలుపెట్టింది, పద్మ గేజీలూ మొదలుపెట్టింది. గౌరి పేరులోంచి పి తియ్యలేదు. తన అక్షరం అక్కడ అలా అద్దెకున్నట్టు ఉండడం పద్మకి ఒళ్ళుమండేది, తీసేస్తే ఇంకా మండేదేమో.

చాయ్ చాయ్ అంటూ ఒకడు దాటిపోయాడు. బ్రిడ్జి మీద ఎవరిదో సూట్‌కేసు చక్రాలు టకటకా మెట్లు దిగాయి. పొడుగాటి మనిషి సీసా పట్టుకుని ఇటే వస్తున్నాడు, అటు కుళాయిలో నీళ్ళు రావడంలేదు కాబోలు. పద్మ తల దించుకుంది. చొక్కా కొత్తది, మడతలు ఇంకా విప్పలేదు, కాలరు వెనకాల ధర చీటీ దారం వేలాడుతోంది, గౌరి చూసుకోలేదా, ఎప్పుడూ ఇలాంటివి చూడదు. ఆయన బెంచీ దగ్గర ఆగాడు. "ఎస్-ఫోర్ యహీఁ లగేగా, బహన్‌జీ?" గొంతు మెత్తగా ఉంది, మాటలో ఒరియా యాస. ఆ పెట్టె ఇక్కడ కాదు, ఇంకా ముందుకి అని చెప్పింది పద్మ హిందీలోనే, తెలుగని తెలియకూడదని. ఆయన దండం పెట్టినట్టు సీసాని కొంచెం పైకెత్తి వెళ్ళిపోయాడు. మంచివాడిలాగే ఉన్నాడు. చెడ్డవాడిలా ఉంటే బాగుండేదా అని ప్రశ్నించుకుంది పద్మ తనని తాను, కొంచెం బాగుండేది, అనిపించింది, అనిపించినందుకు సిగ్గుపడింది, ఆ సిగ్గు ఎక్కువసేపు నిలవలేదు.

ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి. ఆ పేజీలు ఎలా మొదలయ్యాయంటే, కస్టమర్లకి సలహాలని గౌరి తన సైటులో హిందీలో చిన్నచిన్న ముక్కలు రాసేది. పెట్టెలోంచి తీసిన కొత్త గేజీని పరీక్షించాల్సిన పనిలేదు, ఏడాది తిరిగాక పంపితే చాలు, అని రాసింది ఒకసారి. పద్మ పొద్దున్నే చాయ్ తాగుతూ అది చదివి, గ్లాసు పక్కన పెట్టి, తన సైటులో రాసింది, కొత్తదైనా మొదటిరోజే పరీక్షించాలి, దారిలో లారీ ఎన్నిసార్లు ఎగిరిందో పెట్టెకి తెలుసా, అని. మరుసటి వారం గౌరి, కొంతమంది కస్టమర్లని ఊరికే భయపెడతారు, అని రాసింది. కొంతమంది ఊరికే నిద్రపుచ్చుతారు, అని పద్మ రాసింది. అలా ఏళ్ళు. ఆవిరి గొట్టానికి గేజీ ఎలా బిగించాలి, చలికాలం థర్మామీటరు ఎందుకు బద్ధకిస్తుంది, సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది ఉండాలి. కస్టమర్లు ఎవరూ చదివేవాళ్ళు కాదు, వాళ్ళకి కావల్సింది ఎన్ని రోజుల్లో ఇస్తారు అనే ఒక్క ముక్క. పద్మ మాత్రం రోజూ పొద్దున లేవగానే దేవుడి పటం కన్నా ముందు ఆ సైటే తెరిచేది. కొత్త ముక్క ఉంటే ఆ రోజుకి ఒక పని దొరికినట్టు ఉండేది, గేజీల మధ్య తిరుగుతూ మనసులో జవాబు అల్లుకునేది, ఆ మాట పెట్టాలా ఈ మాట పెట్టాలా అని, ఒక్కోసారి పైకే అనేసేది, ఎవరున్నారని. కొత్త ముక్క లేకపోతే గౌరికి ఒంట్లో బాలేదేమో అనుకునేది. మొన్న తనుశ్రీ లెక్కలు చూపిస్తూ, ఈ పేజీల్ని ఎవ్వరూ తెరవరు దీదీ, జంషెడ్‌పూర్‌లోనే ఎవరో ఒక్కరు మాత్రం రోజూ తెరుస్తారు, అంది తలెత్తకుండా. ఇంకో పేజీ తెరిచి, మీ సైటుకి కూడా అలాగే ఒకరున్నారు, అంది. 

ఒక్క ముక్కకి మాత్రం పద్మ జవాబు రాయలేదు. లాక్‌డౌన్ రోజుల్లో, పనివాళ్ళెవరూ రాని రోజుల్లో, ఆక్సిజన్ ప్లాంటు తాలూకు థర్మామీటర్లు అర్జెంటని పంపితే ఒక్కతే చేస్తోంది, వాటిని ముంచి చూసే నూనె తొట్టి కాగుతోంది, చెయ్యి జారింది, కుడి అరచెయ్యి మొత్తం. ఎడమ చేత్తో కుళాయి తిప్పి నీళ్ళ కింద పెట్టుకుని అరిచింది. సోనారి ఏరోడ్రోము మీద విమానాలు కూడా ఎగరని రోజులవి, అంత నిశ్శబ్దంలో కూడా ఎవరూ రాలేదు. తరవాత చేతికి కట్టు కట్టుకుని వచ్చి మిగతావి పూర్తిచేసింది. కొన్నాళ్ళకి గౌరి సైటులో ఒక ముక్క వచ్చింది. వేడి నూనెతోగానీ ఎక్కువ పీడనంతోగానీ పనిచేసేటప్పుడు గదిలో రెండో మనిషి ఉండాలి. ఆ రెండో మనిషికి పని రానక్కర్లేదు. ఊరికే కూర్చున్నా చాలు. అంతే, మూడు వాక్యాలు, కింద బొమ్మ కూడా లేదు. పద్మ దాన్ని చాలాసార్లు చదివింది, తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు, అవునని రాయడానికి చెయ్యి రాలేదు. ఈ పేజీకి జంట లేదు దీదీ, ఉంచినా పరవాలేదు తీసేసినా పరవాలేదు, అంది తనుశ్రీ.

ఫోను మెరిసింది. తనుశ్రీ. సైటు మీ పేరు మీదికి ట్రాన్స్‌ఫర్ నొక్కాను దీదీ, కోడ్ గౌరీ దీదీ ఫోనుకి వస్తుంది, పది నిమిషాలే టైము, నేను చేస్తే ఎత్తడంలేదు, మీరే కనుక్కుని నాకు పంపండి. పద్మ తలెత్తేసరికి అవతల గౌరి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి ఫోనుని దూరంగా పట్టుకుని చదువుతోంది. తరవాత దాన్ని చెవికి పెట్టుకుంది. పద్మ ఒళ్ళో ఫోను మోగింది. పేరు రాలేదు, ఆ నంబరుని ఎప్పుడో తీసేసింది, తీసేసినా కంఠతా వచ్చు.

"హలో."

"నేనే. నంబర్లొచ్చాయి. రాసుకో."

ఇన్నేళ్ళకి మొదటి మాట రాసుకో అని. "ఊ, చెప్పు" అంది పద్మ.

"ఎనిమిది. సున్నా. నాలుగు…"

నెత్తిమీద మైకు ఒక్కసారి గట్టిగా మోగింది, యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దేఁ, గాడీ థోడీ హీ దేర్ మేఁ, ప్లాట్‌ఫారం ఆ చివర ఈ చివర ఒకేసారి. గౌరి ఆగింది. మైకు ఆగాక కూడా ఆగే ఉంది.

"నాలుగు, తరవాత?" అంది పద్మ.

"ఒసే."

"చెప్పు, టైమైపోతాది."

"నీ ఫోన్లోనూ అదే మైకు ఇనబడతాంది." గౌరి అవతల లేచి నిలబడింది, అటూ ఇటూ తిరుగుతోంది. "ఎక్కడున్నావే?"

ఇంట్లో అని చెప్పొచ్చు, టీవీ అని చెప్పొచ్చు. "బ్రిడ్జి కింద" అంది పద్మ.

గౌరి ఫోను చెవికి పెట్టుకునే నడిచి వచ్చింది. పద్మ కూడా దించలేదు. మనిషి దగ్గరవుతున్నకొద్దీ అడుగుల చప్పుడు ముందు ఫోనులోనూ తరవాత బయటా వినబడింది, ఆఖరికి మొహం ఎదురుగా ఉండగా "ఎంతసేపయిందే వచ్చి?" అన్న మాట రెండుసార్లు వినబడింది.

"ఇప్పుడే."

"అబద్ధం. చీర అంచు తడిసి ఆరిపోయింది కూడాను. వాన ముందే వచ్చావు." గౌరి ఫోను దించి, పద్మ కుడిచెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పి అరచెయ్యి చూసింది. చర్మం అక్కడ నున్నగా, వేరే రంగులో, రేఖలు లేకుండా ఉంటుంది. బొటనవేలితో ఒకసారి రాసింది.

"ఎవరు చెప్పారు?" అంది పద్మ.

"ఆక్సిజన్ ప్లాంటు స్టోర్సువాడు. కట్టు కట్టుకుని తెచ్చిచ్చావంట."

"అందుకే రాసావా అది?"

"మరెవరి కోసం రాత్తాను? కస్టమర్ల కోసమా?"

"రావచ్చు కదే" అంది పద్మ. అనకూడదనుకుంది, వచ్చేసింది.

"వచ్చేదాన్నే. వత్తే తలుపు తీసుందువా?"

పద్మ నిజంగానే ఆలోచించింది, ఆ రోజులు, ఆ కట్టు, ఆ కోపం. "తీసుండను" అంది.

"అదీ" అంది గౌరి, తప్పు పట్టినట్టు కాదు, గేజీ చూసి అంకె రాసుకున్నట్టు. పద్మ ఫోను మళ్ళీ మెరిసింది, ఎత్తితే తనుశ్రీ అవతలినుంచి అరుస్తోంది, టైమ్ ఖతమ్ హో రహా హై దీదీ, గౌరి కళ్ళజోడు దించి మిగతా అంకెలు చదివింది, పద్మ అవి తనుశ్రీకి చెప్పింది, హో గయా, అంది తనుశ్రీ. అంత సేపూ గౌరి చెయ్యి వదల్లేదు. రైలు ఇంజను మొహం దూరంగా మలుపులో కనబడింది.

"ఎలా కలుపుతావు?"

"ఇంకా అనుకోలేదు."

"పేరో?"

"నీదే పాతది, అదే అందరికీ తెలుసు అంటాంది తనుశ్రీ. జి.పి. అంటే జి ఎక్కడుందని అడుగుతారు కదే."

"ఇన్నేళ్ళూ నన్ను పి ఎక్కడుందని ఒక్కడూ అడగలేదు" అంది గౌరి. "అడుగుతాడేమో అనే ఉంచాను. అడిగితే చెప్దామని."

ఏం చెప్దామనుకుందో అడగడానికి లేకపోయింది, రైలు వచ్చేసింది, పెట్టెలు ఒకటొకటిగా గాలిని తోసుకుంటూ పోతున్నాయి, బలరామ్‌గారు రెండు చేతులా సూట్‌కేసులు లాక్కుంటూ అటునుంచి పిలుస్తున్నారు, గౌరీ, ఏయ్ గౌరీ. ముగ్గురూ గబగబా నడిచారు, పద్మ గోనెసంచి అందుకుంది, మిక్సీ కాదది, ఇత్తడి బరువు, ఒకటో రెండో యంత్రం బరువులు, గౌరి గుర్తుకి తీసుకుపోతోంది కాబోలు. బలరామ్‌గారు సంచి అందుకుంటూ ఆమెని పోల్చారు, "అరే, మీరు తెలుగా?" అన్నారు తెలుగులోనే, నవ్వుతూ. పద్మ ఆయన కాలరు వెనక చెయ్యిపెట్టి ధర చీటీ దారం తెంపి తీసేసింది. గౌరి పెట్టె ఎక్కి గుమ్మంలో నిలబడింది.

"నన్ను తప్పుపట్టినవన్నీ ఉంచు. నావీ ఉంచు. దేన్నీ తియ్యకు."

"రెండూ ఉంటే ఒకదాన్నొకటి కోసుకుంటాయంటే!"

"కోసుకోనీ" అని అరిచింది గౌరి, రైలు కదిలింది. ఆ చెయ్యి ఆడింది, చెప్పేది అయిపోయాక కూడా.

తరవాత ప్లాట్‌ఫారం ఉన్నట్టుండి వెడల్పయిపోయింది. పద్మ కాసేపు అక్కడే నిలబడింది, పోర్టర్లు ఆమెని తప్పించుకుని పోతున్నారు. రేపు పొద్దున లేచి ఏం తెరవాలి. ఆ సైటు ఇప్పుడు తనదే, తనది తను చదువుకోవడంలో ఏముంది, పోట్లాడటానికి అవతల ఎవరో ఉండాలి, ఊరు విడిచి సంసారానికి పోయిన మనిషి గేజీల మీద ముక్కలు రాస్తుందా, రూర్కెలాలో పొద్దున్నే లేచి ఆయనకి చాయ్ పెడుతుంది, ఇద్దరూ తాగుతారు, ఏదో మాట్లాడుకుంటారు, తప్పేముంది, మనిషికి ఆ మాత్రం ఉండాలి. అమ్మ పోయినప్పుడు కూడా ఇలా అనిపించలేదు, అప్పుడు తిన్నగా వెళ్ళడానికి ఒక గది ఉందనుకుంది. ఇప్పుడు ఎవరిమీదా కోపం లేదు. కోపం పోయినచోట ఇంత ఖాళీ ఉంటుందని తెలియదు. అరచెయ్యి మీద గౌరి బొటనవేలు రాసినచోట ఏమీ తెలియడం లేదు, అక్కడ స్పర్శ పోయి చాలా కాలమైంది, చూస్తే మాత్రం రాసినట్టే ఉంది.

తనుశ్రీ చేసింది, మెట్లెక్కుతుండగా. పద్మ బ్రిడ్జి మీద కటకటాల పక్కన నిలబడి ఒక్కొక్కటీ చెప్పింది. కలిపెయ్యి. పేరు జి.పి. పేజీలన్నీ ఉంచు, గౌరి రాసింది పైన, దాని కింద నేను రాసింది, కింద పేర్లు పెట్టు, ఎవరు రాశారో తెలియాలి. తనుశ్రీ నిట్టూర్చింది, సెర్చిలో కిందికి పోతాం దీదీ. పోదాం, అంది పద్మ. మూడు వాక్యాల పేజీ ఉందే, దాన్ని మొదటి పేజీలో పెట్టు. సరే దీదీ, ఆఖరు ప్రశ్న, గౌరీ దీదీ ఫోను నంబరు తీసేసి మీదొక్కటే పెడతాను కదా. కింద పట్టాల మీద ఖాళీ పెట్టెలు ఎండకి ఆవిరి కక్కుతున్నాయి. పద్మ నోట మాట ఆలోచించకుండా వచ్చింది.

"తియ్యకు."

"లేకిన్ దీదీ, కస్టమర్ ఉన్హీఁ కో ఫోన్ కరేగా!" ఆవిడ పని మానేశారు, కస్టమర్లు ఆవిడకి చేస్తే ఏం లాభం అంటోంది ఆ పిల్ల.

"చెయ్యనీ. అది నాకు చెప్తాది."

అచ్ఛా, అంది తనుశ్రీ, కొంచెం నెమ్మదిగా, ఇద్దరి నంబర్లూ.

స్టేషన్ బయట సోనారి ఆటో నిండిపోయి ఒక్క సీటు మిగిలి ఉంది, డ్రైవరు ఏక్ సవారీ ఏక్ సవారీ అని అరుస్తున్నాడు. పద్మ ఒక కాలు లోపల పెట్టింది. ఫోను మోగింది.

"నా నంబరు తియ్యొద్దన్నావంట?" గౌరి గొంతు వెనకాల రైలు దడదడలాడుతోంది. "కాపరానికి ఎల్తన్నదాన్నే నేను, నాకెందుకే ఈ గోల?"

"ఎవరేనా చేశారా?"

"చెయ్యకేటి, ఆదిత్యపూర్ ఇంకా దాటలేదు, ఒకడు చేసేశాడు. కొలిమి వేడి చూసే వైరు తెగిపోయిందంట, మామూలు రాగి వైరుతో అతికించొచ్చా అని. అతికించుకో అన్నాను."

"అతికించుకోమన్నావా?"

"సోమవారం కొత్త వైరొత్తాదంట, అందాకానే కదే. కొలిమి ఆపుకోలేడు పాపం."

"సోమవారం దాకా తప్పు వేడి చూపిత్తాదే! వాడు తక్కువనుకుని ఇంకా మంట పెంచుతాడు!"

"అంత తేడా ఏటొత్తాది?"

"ఏటొత్తాదా? అతుకు దగ్గర ఎంత వేడుందో అడిగావా? అడక్కుండానే ఎలా చెప్పేసావు?"

"నువ్వయితే ఏటి చెప్పుందువో చెప్పు, ఇందాం" అంది గౌరి. పక్కన బలరామ్‌గారు ఏదో అడిగారు, ఉండండి, మీకు తెలీదు, అంది ఆయనతో.

"మేడం, చల్నా హై కి నహీఁ?" అన్నాడు ఆటో డ్రైవరు.

పద్మ పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. చెయ్యి ఊపి అతన్ని పొమ్మంది, చెట్టు కింద తడి గట్టు మీద కొంగు పరుచుకుని కూర్చుంది. "ముందు నేను చెప్పింది పూర్తిగా ఇను, మధ్యలో మాటాడకు" అని మొదలుపెట్టింది.